మగపిల్లల గేటు దగ్గర ర్యాంపు

ఆ ర్యాంపును మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు, కుళ్ళు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. హాస్పిటల్లో డ్యూటీ దిగి స్టాఫ్ వ్యానులో ఇంటికి వస్తున్నాను. సిగ్నల్ పడి వ్యాను సరిగ్గా మగపిల్లల బడి ముందు ఆగింది. నిన్నటిదాకా మెట్లున్న చోట నున్నటి సిమెంటు వాలు, రెండు పక్కలా మెరిసే స్టీలు కడ్డీలు, అంచున పసుపు గీత. దాని మీద మా కింది ఫ్లాటు ఆవిడ కొడుకు తన చక్రాల కుర్చీని తానే తోసుకుంటూ పైకి వెళ్తున్నాడు. చుట్టూ ఉన్న పెద్దమనుషుల్లో కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, కొందరు చప్పట్లు కొడుతున్నారు. నా పక్క సీట్లోని మలయాళీ సిస్టర్ "ఎంత బాగుందో చూడు" అంది. నాకు మాత్రం ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండింది. వ్యాను కదిలేదాకా తల తిప్పుకుని ఎదురుగా ఉన్న టైర్ల షాపు బోర్డు చదువుతూ కూర్చున్నాను.

నాకూ ఒక కూతురుంది. నెలలు నిండకుండా పుట్టింది. కాళ్ళు బిగుసుకుపోయాయి, నిలబడలేదు. చేతులు మాత్రం ఉక్కు. నోరు అంతకన్నా ఉక్కు. అప్పుడు ఐదో తరగతి చదువుతోంది. నేను గోదావరి జిల్లా నుంచి నర్సుగా సౌదీలోని జెద్దాకి వచ్చినదాన్ని. మా ఆయన ఇక్కడికి నాలుగు గంటల దూరంలో ఉన్న యాన్బులో ఒక ప్లాంటులో కాంట్రాక్టు టెక్నీషియన్. గురువారం సాయంత్రం వస్తాడు, శనివారం వెళ్ళిపోతాడు. మధ్యలో ఇల్లూ, పిల్లా, డ్యూటీలూ నావే.

కింది ఫ్లాటు ఆవిడది కడప. మేమిద్దరం కలిసింది మా హాస్పిటల్ ఫిజియోథెరపీ గదిలో. ఆవిడ కొడుక్కి వెన్నులో లోపం. వాడిదీ మా పాపదీ ఒకే వయసు. గది మధ్యలో చాప మీద పిల్లలిద్దరూ మూలుగుతూ కాళ్ళు చాపుతుంటే, గోడకి ఆనుకుని మేమిద్దరం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. షరఫియా పేటకి దగ్గర్లో లిఫ్టు ఉన్న బిల్డింగు, అద్దె అందుబాటులో ఉన్న ఫ్లాటు, ఇవన్నీ ఆవిడే చూపించింది. మంచి మనిషి. కష్టం అక్కడే ఉంది. మంచి మనిషి మీద కుళ్ళుకోవడం మహా ఇబ్బంది, ఎక్కడా తిట్టడానికి చోటుండదు.

అయినా నేను చోటు వెతుక్కున్నాను. ఆవిడ కొడుకు కుర్చీ తేలికది, ఒక చేత్తో మడిచి కారులో పెట్టొచ్చు. నా కూతురిది పెళ్ళి పందిట్లో వేసే ఇనప కుర్చీకి చక్రాలు తగిలించినట్టుంటుంది. ఆవిడ మొగుడు రోజూ సాయంత్రం ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుని స్నానం చేయిస్తాడు. నా మొగుడు ఫోన్లో "జాగ్రత్తే" అంటాడు. సండే స్కూల్లో మాకు పొరుగువాళ్ళ సొమ్ము మీద కన్నేయొద్దని గట్టిగానే నేర్పారు. పొరుగువాళ్ళ ర్యాంపు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ ర్యాంపు ఊరికే రాలేదు. మన భారతీయుల బడికి మేనేజ్‌మెంట్ కమిటీ ఎన్నికలు వచ్చాయి. చాలామంది నిలబడ్డారు కానీ మా ఇంట్లో లెక్కకొచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకాయన బిల్డింగు కాంట్రాక్టులు చేసే ఉత్తరాది పెద్దమనిషి. ఆయనే బడి అనుమతి తీసుకుని, సొంత మనుషుల్ని పెట్టి ఆ ర్యాంపు కట్టించాడు. ఇంకొకావిడ కేరళ నుంచి వచ్చిన మాజీ టీచరు, ఇద్దరు కూతుళ్ళ తల్లి. కుటుంబానికి ఒక్కటే ఓటు. అది కూడా బడి రికార్డులో తండ్రి పేరు ఉంటే తండ్రిది. మోసేది నేను, ఓటు యాన్బులో.

ఇక్కడ బడి సంగతి చెప్పాలి. మగపిల్లలకి ఒక భవనం, ఆడపిల్లలకి ఇంకో భవనం, మధ్యలో రెండు వీధులు. మగపిల్లలది కొత్తది, విశాలంగా ఉంటుంది. ఆడపిల్లలది ఎప్పుడో ఎవరో సంసారం చేసుకోవడానికి కట్టుకున్న పాత ఇల్లు, అద్దెకి తీసుకున్నారు. లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. ఐదు దాకా తరగతులు కింద, ఆరు నుంచి పైన. లోపలికి మగవాళ్ళు వెళ్ళకూడదు. తండ్రులు గేటు దగ్గరే ఆగాలి. మా ఆయన తన కూతురు చదివే గదిని ఒక్కసారి కూడా చూడలేదు.

అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక ఆడపిల్లల బడి హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి మెత్తగానే చెప్పింది. "వచ్చే ఏడు ఆరో తరగతి పైన. రోజూ పాపని పైకి మోయడానికి ఆయాలు ఒప్పుకోవడం లేదు. ఆ మలుపులో జారితే ఎవరిది పూచీ? మీరు వేరే ఆలోచన చేసుకోండి." వేరే ఆలోచన అంటే రెండే. పాపని మా ఊళ్ళో అమ్మ దగ్గర వదిలేయాలి, లేదా నేను ఉద్యోగం మానేసి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, అంటే ఇక్కడి వీసా రద్దు చేయించుకుని, పాపతో పాటు వెళ్ళిపోవాలి. వదిలితే పిల్ల పోతుంది, వెళ్తే ఇల్లు గడవదు. ఆ మాట నేను మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. కింది ఫ్లాటు ఆవిడకి అసలే చెప్పలేదు. ఆవిడ గుమ్మం ముందు పోటీదారులు చెప్పులు వరసగా విప్పుతున్న రోజులవి. ఆవిడ చాయ్ పోస్తోంది, సమోసాలు పెడుతోంది, వాళ్ళు ఆవిడ కొడుకు తల నిమిరి ఫోటోలు దిగుతున్నారు. నా కూతురు ఫోటో ఎవరూ అడగలేదు. అడిగినా ఆడపిల్ల ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడానికి మేం ఒప్పుకోం. అయినా సరే, అడగనందుకు ఒళ్ళు మండింది.

షరఫియాలో ఒక హోటలు మేడ మీద కాంట్రాక్టరు గారి మీటింగు పెట్టారు. తండ్రులు హాల్లో, తల్లులం పక్కన ఫ్యామిలీ సెక్షన్లో, మధ్యలో చెక్క తెర. ఆయన మాట స్పీకర్లో వినబడుతోంది, మనిషి కనబడడు. "చూశారుగా, చెప్పి కాదు, చేసి చూపించాను. నడవలేని ప్రతి బిడ్డకీ ర్యాంపు, లిఫ్టు" అన్నాడు హిందీలో. హాల్లో బల్లలు చరిచారు. ఆడపిల్లల బడికి కూడానా అని అడగాలనిపించింది. అడగాలంటే తెర దగ్గరికి వెళ్ళి గొంతెత్తాలి. నా పక్కనే కడప ఆవిడ కూర్చుని ఉంది, అందరూ ఆవిడని అభినందిస్తున్నారు. ఆవిడ ముందు చెయ్యి చాచినట్టు నేను లేచి అడగడమా? నోరు కుట్టేసుకుని బిర్యానీ తిన్నాను. ప్రతి బిడ్డకీ అన్నాడు కదా, అందులో నా బిడ్డ లేకపోతుందా అని సర్దిచెప్పుకున్నాను.

తర్వాత రెండు రోజులకి ఆడపిల్లల బడి గేటు దగ్గర ఆ టీచరమ్మ నన్ను పట్టుకుంది. మధ్యాహ్నం ఎండ, నల్ల అబాయాల గుంపు, వ్యాన్ల హారన్లు. ఆవిడ మా పాపని చూసింది, లోపలి మెట్లు ఆవిడకి తెలుసు. "లిఫ్టు తెస్తానని నేను చెప్పలేను సిస్టర్. అద్దె ఇల్లు, ఓనరు ఒప్పుకోడు. కానీ ఒక తరగతిని కిందికి దింపొచ్చు. దానికి సిమెంటు అక్కర్లేదు, ఒక మీటింగు చాలు. నేను గెలిస్తే అదే అడుగుతాను" అంది. చాలా సులువైన మాట. సులువుగా ఉన్నందుకే నాకు నచ్చలేదు. కింది ఫ్లాటు ఆవిడ కొడుక్కి స్టీలు కడ్డీల ర్యాంపు, చప్పట్లు. నా కూతురికి గది మార్పా? ఇంట్లో ముసలాయన మెట్లెక్కలేకపోతే మంచం కిందికి దింపినట్టు!

శుక్రవారం పొద్దున పెసరట్లు వేస్తూ మా ఆయనతో ఇదంతా చెప్పాను. ఓటు ఆ రోజే, జుమా నమాజు అయ్యాక. ఆయన అట్టు తుంచుతూ ప్రశాంతంగా అన్నాడు, "టీచరమ్మకి వేసేద్దామే. ఆవిడ చెప్పింది జరిగే పని."

"అదేం పనండీ? గది మార్చడం కూడా ఓ పనేనా? ఆయన ర్యాంపు కట్టించి చూపించాడు."

"ఎవరికి కట్టించాడే?"

"ఇవాళ వాళ్ళకి కట్టించాడు, రేపు మనకి కట్టిస్తాడు. లిఫ్టు అన్నాడు కూడాను."

"లిఫ్టంటే మాటలా? మా ప్లాంటులో ఓ ఇనప నిచ్చెన తగిలించాలంటేనే సంతకాల కోసం చెప్పులరిగిపోతాయి. ఎహె, నీకు కావల్సింది లిఫ్టా, కింది ఫ్లాటు వాళ్ళతో సమానమా?"

అట్టు మాడింది. అట్లకాడ గట్టిగా పెట్టాను. ఆయన తల వంచుకుని తిన్నాడు. వారానికి ఒకటిన్నర రోజు ఇంట్లో ఉండే మనిషి ఆ ఒకటిన్నర రోజూ గొడవ పెట్టుకోడు. చివరికి, "సరేలే, నువ్వే కదా రోజూ చూసుకునేది. నువ్వు చెప్పినాయనకే వేస్తాను" అన్నాడు.

ఓటింగు మగపిల్లల బడిలో పెట్టారు. ఆ ఒక్కరోజు అందరూ లోపలికి వెళ్ళొచ్చు. మా పాప జీవితంలో మొదటిసారి ఆ గేటు దగ్గరికి వచ్చింది. కడప ఆవిడ కొడుకు ర్యాంపు పైన ప్రతిష్ఠించిన విగ్రహంలా కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి దర్శనం ఇస్తున్నాడు. మా పాపని చూసి, "చక్రం ముందర కాదు, పైన పట్టుకోల్ల, అట్ల తోస్తే ఎక్కుతాది" అని పాఠం చెప్పాడు. నేను కుర్చీ వెనక చెయ్యి వెయ్యబోతే పాప నా చెయ్యి తోసేసింది. పళ్ళు బిగించి తోసుకుంది. ఎక్కింది. పైన ఆగి, తిరిగి జారుతూ కిందికొచ్చి, మళ్ళీ ఎక్కింది. అలా ఎన్నిసార్లో. ఆ పిల్ల అంతగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. తన ఇష్టంతో తను ఒక గుమ్మంలోకి వెళ్ళడం పుట్టాక అదే మొదలు.

"అమ్మా, నేను ఈ స్కూల్లో చేరతాను" అంది.

"ఇది అబ్బాయిల స్కూలు కదమ్మా."

"అయితే అమ్మాయిల స్కూలు అన్ని మెట్ల మీద ఎందుకు పెట్టారు?"

మా ఆయన ఆ మాట విన్నాడు. ఓటుకి చూపించాల్సిన ఇకామా, అంటే ఇక్కడి నివాస కార్డు, జేబులోంచి తీసి పట్టుకుని చాలాసేపు ఆ ర్యాంపునే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళి నేను చెప్పినట్టే వేసొచ్చాడు. అక్కడికి వచ్చిన తండ్రులందరూ ఓటు వేసింది ఆ ర్యాంపు ఎక్కి వెళ్ళే. ఇంకెవరు గెలుస్తారు? కాంట్రాక్టరు గారే గెలిచాడు. టీచరమ్మకి చాలా కొద్ది ఓట్లే వచ్చాయి.

గెలిచిన వారంలో మా ఆయన ధైర్యం చేసి ఆయన్ని కలిశాడు. ఆరో తరగతి సంగతి చెప్పాడు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడట. "ఆడపిల్లల బడిలో కూడా మెట్లున్నాయా? నాకెవరూ చెప్పలేదే" అన్నాడట. అబద్ధం కాదు. ఆయనకి ఇద్దరూ కొడుకులే. ఆ భవనం లోపల ఎలా ఉంటుందో ఆయనకే కాదు, చప్పట్లు కొట్టిన ఏ మగవాడికీ తెలియదు. తెలిసినవాళ్ళం తెర ఇవతల కూర్చుని బిర్యానీ తిన్నాం. లిఫ్టు గురించి ఇంటి ఓనరుతో మాట్లాడతాను, వచ్చే ఏడు కాకపోతే ఆ పైయేడు చూద్దాం అని పంపించేశాడు. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. శనివారం వెళ్తూ వెళ్తూ, "పాపకి మీ అమ్మ దగ్గర బానే ఉంటుందిలే" అన్నాడు. ఆ మాట అన్నాక బూట్ల తాళ్ళు కట్టుకోవడం ఆయనకి చాతకాలేదు, నేనే కట్టాను.

పాపని పంపడం కోసం దాని పాస్‌పోర్టు రెన్యూవల్‌కి అప్పాయింట్‌మెంటు చూసుకుంటున్న రోజుల్లోనే ఒక సాయంత్రం కడప ఆవిడ సేమ్యా పాయసం గిన్నెతో పైకి వచ్చింది. వాళ్ళబ్బాయికి లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయట. మంచిది, అది కూడానా అనుకున్నాను. గిన్నె అందుకుంటున్నాను, వెనక నుంచి నా కూతురు, "ఆంటీ, నేను వచ్చే ఇయర్ ఇక్కడ ఉండను. అమ్మమ్మ ఊరెళ్ళిపోతున్నాను, స్కూల్లో మెట్లున్నాయి కదా" అని ఉన్నదంతా చెప్పేసింది.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందక్కా ఇది? పాప బడి మాన్తాంటే నాకు ఒగ మాట చెప్పకూడదా?"

"మీకు తెలుసనుకున్నాను."

"నాకెట్ల తెలుస్తాది? నాకుండేది మగపిల్లోడు. ఆడపిల్లోళ్ళ బడి నేను యాడ చూసినా? ఆ పెద్దమనిషి వారం వారం మా ఇంట్లో చాయ్ తాగిపోయినాడే. అప్పుడన్నా చెప్పింటే గదా!"

అప్పుడు నాకు ఏం పుట్టిందో, పాయసం గిన్నె పట్టుకునే అనేశాను. "మీకు ర్యాంపొచ్చిందని నాకు కుళ్ళు. మీ గుమ్మం ముందు అందరూ నిలబడ్డారని కుళ్ళు. మీ ఆయన రోజూ ఇంటికొస్తాడని కుళ్ళు. మిమ్మల్ని అడగాలంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. అందుకే చెప్పలేదు, చాలా?"

ఆవిడకి కోపం వస్తుందేమో, వస్తే వచ్చిందిలే అనుకున్నాను. ఆవిడ నా చేతిలోంచి గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టి, "కుళ్ళుకుంటే కుళ్ళుకో, ఎవురొద్దన్నారు? అది నీ కడుపు. కానీ చెప్పేది చెప్పల్ల గదక్కా! పాపదేం తప్పు?" అంది.

మర్నాడు ఆవిడ ఆడపిల్లల బడికి తనే వెళ్ళింది. కొడుకుని ఎత్తీ దించీ మోకాళ్ళు అరిగిన మనిషి, ఆ మెట్లు మలుపుతో సహా ఎక్కి చూసింది. కింద ఏయే గదులున్నాయో చూసింది. ఓడిపోయిన టీచరమ్మ ఇంటికి వెళ్ళి ఆవిడని వెంటబెట్టుకుంది. ఇద్దరూ కలిసి కాంట్రాక్టరు గారింటికి వెళ్ళారు. తర్వాత టీచరమ్మ నాకు నవ్వుతూ చెప్పింది. కడప ఆవిడ ఆయన ఎదురుగా సోఫాలో కూర్చుని తన హిందీలో ఒకటే మాట అందట. "నా బిడ్డ ఫోటో ప్రతి గ్రూపులో పెట్టుకుని మీరు గెలిచారు. ఆ ఆడబిడ్డ తరగతి కిందికి దిగకపోతే నా బిడ్డ ఫోటోలన్నీ తీసేయండి. ఎందుకు తీసేశారని అడిగినవాళ్ళకి నేనే చెబుతాను." లిఫ్టు గురించి ఆవిడ అసలు ఎత్తలేదట. టీచరమ్మ చెప్పిన గది మార్పే అడిగిందట.

కమిటీ మొదటి మీటింగులోనే తేలిపోయింది. కింద ఉన్న స్టాఫ్ రూము పైకి, ఆరో తరగతి కిందికి. పైకి ఎక్కాల్సి వచ్చినందుకు టీచర్లు కొన్నాళ్ళు మూతులు ముడుచుకున్నారు, తర్వాత మానేశారు. పాస్‌పోర్టు అప్పాయింట్‌మెంటు నేను రద్దు చేసుకున్నాను. మా ఆయనకి ఫోన్ చేస్తే అవతల ప్లాంటు మోత. అందులోంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

ఏప్రిల్లో కొత్త తరగతి మొదలైన రోజు నేను డ్యూటీ మార్చుకుని పాపతో వెళ్ళాను. కడప ఆవిడ కూడా వస్తానంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. నేను బడికి ఇన్నేళ్ళుగా వస్తున్నా గేటు దగ్గరి ఆయా నాకు తల మాత్రం ఊపింది, ఆవిడకైతే సలాం చెప్పి కుర్చీ వేసింది. హెడ్మిస్ట్రెస్ బయటికొచ్చి ఆవిడ చేతులే పట్టుకుంది. మా పాప వసారా చివరిదాకా తనే తోసుకుంటూ వెళ్ళింది. గుమ్మం దగ్గర కుర్చీ తిప్పి, చెయ్యెత్తి అరిచింది.

"ఆంటీ! చూడండి, నేనే వచ్చేశాను!"

అమ్మా అని కాదు, ఆంటీ అని. ఆవిడ అబాయా అంచు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకూ ఏడుపు వస్తోంది, కానీ ఆవిడకన్నా వెనక. దేవుడా, తేలిక కుర్చీ ఇచ్చావు, ఇంటిపట్టున ఉండే మొగుణ్ణిచ్చావు, ర్యాంపిచ్చావు, సరే. ఈ మనసు కూడా ఆవిడకే ఇవ్వాలా, నాకు కాస్త మిగల్చకూడదా అనిపించింది.

బయటికొచ్చి వ్యాను కోసం నీడలో నిలబడ్డాం. ఆవిడ కళ్ళు తుడుచుకుని, మోచేత్తో నన్ను పొడిచింది.

"ఏమక్కా, ఇప్పుడన్నా పోయినాదా కుళ్ళు?"

"లేదు. పెరిగింది" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు, నిజమే చెప్పాను.